మహిమ ఎవరి పక్షం?

పులివెందుల నుంచి వేంపల్లె మీదుగా పోతే గండి అనే క్షేత్రం వస్తుంది. పాపఘ్ని నది అక్కడ కొండల వరసను చీల్చుకొని బయటపడుతుంది. ఆ రెండు కొండల నడుమ సందులో ఒక బంగారు తోరణం వేలాడుతూ వుంటుందని ఆ ప్రాంతంవాళ్ళు చెబుతారు. లంక నుంచి తిరిగివచ్చే రామునికి స్వాగతంగా వాయుదేవుడు కట్టిన తోరణమట అది. అందరికీ కనపడదట. మనసు నిర్మలంగా వున్నవానికి, అదీ చావు దగ్గరపడినప్పుడు మాత్రమే కనపడుతుందట. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827లో ఆ దారిన గుర్రం మీద పోతూ తలెత్తి చూచి, ఈ కొండకూ ఆ కొండకూ నడుమ బంగారు తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట వున్నవాళ్ళకు ఏమీ కనపడలేదట. వాళ్ళలో ఒక ముసలి నౌకరు మాత్రం, దొర ఇక ఎక్కువ రోజులు బతకడని గ్రహించి కన్నీరు పెట్టుకొన్నాడట. ఆ జూలై 6వ తేదీన మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

ఈ కథలో చివరి వాక్యం ఒక్కటే 'అట' లేకుండా నిలబడుతుంది. మన్రో ఆ తేదీన, ఆ వూళ్ళో, ఆ జబ్బుతోనే పోయాడు. అయితే కలరా సోకిన చోట గవర్నరు ఒక్కడే పోడు. ఆ వానాకాలం అదే జబ్బుతో పోయిన తక్కినవాళ్ళకు ఏ తోరణం కనపడిందో కథ చెప్పదు.

ఇది నిజమా అని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. 'అంతటి దొరకే కనపడింది, ఇంకేం సాక్ష్యం కావాలి?' అంటాడు భక్తుడు. (వాయుదేవుని పనితనానికి సాక్షిగా ఇంగ్లీషు గవర్నరును పిలవవలసి రావటం ఆయనకు ఎబ్బెట్టుగా తోచదు.) 'గాలిలో తోరణం ఎలా వేలాడుతుంది? ఇదంతా మూఢనమ్మకం' అంటాడు హేతువాది. ఇద్దరూ బద్ధవిరోధుల్లా కనబడతారు గాని ఇద్దరూ పట్టుకున్న ప్రశ్న ఒకటే: తోరణం వుందా, లేదా? తోరణం లేదు. ఆ సంగతి తేల్చటానికి పెద్ద తర్కం అక్కరలేదు. కాని తేల్చిన తర్వాత కూడా కథ అక్కడే వుంటుంది. మన హేతువాదులు నూరేళ్ళుగా తేలుస్తూనే వున్నారు, కథ చెప్పేవాళ్ళు చెబుతూనే వున్నారు. కనక ఆ ప్రశ్నతో కథకు గాయం కూడా కాలేదని ఒప్పుకోవాలి.

నాకు తోచే ప్రశ్న వేరు. దత్తమండలాల రైతు, తన పక్కనే పుట్టి పెరిగిన ఏ దాసయ్యకూ ఏ జంగమయ్యకూ చూపించని తోరణాన్ని, తన దగ్గర పన్ను వసూలు చేసిన తెల్లదొరకు ఎందుకు చూపించాడు?

జవాబు కోసం కొండ ఎక్కనక్కరలేదు, శిస్తు లెక్కల్లోకి దిగితే చాలు. 1800 అక్టోబరులో నిజాం ఈ సీమను కంపెనీకి వదులుకున్నాడు. ఆనాటి నుంచి 1807 దాకా మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. ఎనభై మంది దాకా వుండిన పాళెగాళ్ళను అణచి, కొందరికి పింఛను పడేసి, చేను చేనుకూ కొలత వేయించి, రైతు పేరనే పట్టా రాసి, రైతు చేతినుంచే శిస్తు తీసుకునే పద్ధతి పెట్టాడు. ఆ శిస్తు తక్కువేమీ కాదు. పండినదానిలో నూటికి నలభై అయిదు పాళ్ళదాకా సర్కారుకే పోతున్నదని ఆయన లెక్కే చెప్పింది. ఇది రైతు మోయలేని బరువు, మెట్టకూ మాగాణికీ నాలుగో వంతు, బావుల కింది తోటలకు మూడో వంతు తగ్గించాలి అని 1807లో వెళ్ళిపోయేముందు సిఫారసు చేశాడు. పైవాళ్ళు వినలేదు. ఆయన పోయినాక ఊళ్ళకు ఊళ్ళను గుత్తకిచ్చే పద్ధతి వచ్చింది. గుత్తదారు రైతును పిండాడు, సర్కారు గుత్తదారును పిండింది. 1820లో మన్రో గవర్నరుగా తిరిగివచ్చిన తర్వాతనే ఆ తగ్గింపు దక్కింది. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే కారణం ఇందులోనే వున్నది.

అంటే బంగారు తోరణం రైతు చెప్పిన తీర్పు. ముందు పాళెగాడు, వెనక గుత్తదారు, నడుమ 'ఈ బరువు ఎక్కువైంది' అని కాగితం మీద రాసిన కలెక్టరు. ఓటు లేదు, పత్రిక లేదు, అర్జీ పెట్టుకుంటే వినే నాథుడు లేడు. తన తీర్పును రైతు ఎక్కడ రాసుకోవాలి? గండి కొండల నడుమ రాసుకున్నాడు. 'వీడు నిర్మలమైన మనసువాడు' అని వేల నోళ్ళు వందల సంవత్సరాలు చెప్పటం చిన్న సంగతి కాదు.

అయితే ఇక్కడితో ఆగి, ఆహా జనవాక్యమని చప్పట్లు కొట్టటం నాకు చేతకాదు. జానపదం అనగానే ప్రజల పక్షమేనని అనుకునే అలవాటు మన అభ్యుదయ రచయితల్లో కూడా బాగా పాతుకున్నది. మాటల కళకు మొదలు జానపదంలోనే వున్నదని గోర్కీ 1934 మహాసభలో అన్నాడు గదా అని, పల్లెలో పుట్టిన ప్రతి మాటా శ్రమజీవి మాటే అని తీర్మానించుకున్నాం. గండి కథనే చూడండి. నూటికి నలభై అయిదు అనే అంకె అందులో లేదు. కొలత వేయించి ఆ అంకె కట్టినవాడూ, అది ఎక్కువని ఒప్పుకున్నవాడూ ఒక మనిషే అన్న సంగతి లేదు. పట్టా వచ్చిన రైతు ఈ కథలో తన కృతజ్ఞత చెప్పుకున్నాడు, బాగానే వుంది. పట్టా లేని జీతగాడు ఏమనుకున్నాడు? అతనికి ఈ కథలో దొరికిన వేషం ఒక్కటే, దొర చావబోతున్నాడని ఏడ్చే ముసలి నౌకరు వేషం.

మన్రో మీదనే మరొక కథ వున్నది. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో మఠం ఇనాము సంగతి విచారించటానికి ఆయన పోతే, ఎప్పుడో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ఎదుట కనపడి మాట్లాడాడట. పక్కవాళ్ళకు వినపడలేదట. ఇనాము నిలిచిందట. గండి కథలో దొరకు దక్కింది మోక్షం, ఈ కథలో మఠానికి దక్కింది మాన్యం. ఇక్కడ మహిమ నేరుగా రెవిన్యూ దస్తరంలోకే దిగింది. ఒకే మనిషి చుట్టూ రైతు ఒక కథ, మఠం ఒక కథ అల్లుకున్నాయి. దేని లెక్క దానిది.

కనక ఐతిహ్యాన్ని పట్టుకున్నప్పుడు నేను ముందు చూచేది మహిమ ఎక్కడ దిగిందనేది. కథ మామూలుగా, మనుషుల మధ్య నడిచినట్లే నడుస్తూ వుంటుంది. ఒక చోట హఠాత్తుగా దేవుడు కనపడతాడు, లేదా చచ్చినవాడు లేస్తాడు, లేదా రాతినుంచి నెత్తురు కారుతుంది. సరిగ్గా ఆ చోటనే ఎవరిదో ఒక లెక్క తెగక మిగిలి వుంటుంది. మహిమ ఆ లెక్కను కొట్టేస్తుంది. ఎవరి పక్షాన కొట్టేసింది, ఎవరి బాకీ మిగిల్చింది అని అడిగితే కథ నోరు విప్పుతుంది.

దేవతలంతా ఒకప్పటి రాజులేనని చెప్పిన గ్రీకు పండితుడొకడు రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే వున్నాడు. ఆ పద్ధతిలో పులివెందుల అంటే పులుల మంద తిరిగిన చోటనీ, జమ్మలమడుగు అంటే జమ్ము మొలిచిన మడుగనీ చెప్పుకుంటే అంతవరకు ఇబ్బంది లేదు. కాని ఆ దారి అక్కడితోనే ఆగిపోతుంది. డి. డి. కోశాంబి 1962లో వెలువరించిన 'మిత్ అండ్ రియాలిటీ'లో ఇంకా లోతుకు పోయాడు: పూనా చుట్టుపక్కల కాలినడకన తిరిగి, ఏ దేవత గుడి ఏ పాత బాటల కూడలిలో వున్నదో చూచి, ఆ దేవతను మొక్కినవాళ్ళు ఎలా బతికారో ఆ రాళ్ళనుంచే రాబట్టాడు. కథను పుస్తకంలో కాక నేలమీద చదవాలని ఆయన దగ్గర నేర్చుకోవాలి.

మన నేల సంగతి రాసిపెట్టినవి కైఫియత్తులు. కర్నల్ మెకంజీ సర్వే చేస్తూ కావలి సోదరుల వంటి మన పండితుల చేత ఊరూరా సేకరించే పని మొదలుపెట్టించినవి, తర్వాత బ్రౌను నకళ్ళు రాయించినవి, ఈనాడు కడపలోని బ్రౌన్ గ్రంథాలయ పరిశోధన కేంద్రం వాళ్ళు సంపుటాలుగా అచ్చు వేసినవి. ఎంతో విలువైన సామగ్రి. ఊరి పేరు ఎలా వచ్చింది, అడవి కొట్టించిందెవరు, గుడి కట్టించిందెవరు, చెరువు ఏ రాయలనాటిది, అంతా వుంటుంది. చదివేకొద్దీ ఒక సంగతి మాత్రం కొట్టవచ్చినట్లు కనబడుతుంది: కరణంగారి కలం ఇనాముల దగ్గరకు వచ్చేసరికి మహా ఓపికగా నడుస్తుంది. ఏ దేవునికి ఎన్ని మర్తుర్లు, ఏ అగ్రహారం ఎవరి ధారాదత్తం, ఏ మిరాసి ఎవరిది. అడగటానికి వచ్చింది కొత్త సర్కారు మనుషులు. చెబుతున్నది భూమి నిలబెట్టుకోవలసినవాళ్ళు. అటువంటప్పుడు ఊరి దేవుడు సాక్షాత్తు రాముడు ప్రతిష్ఠించినవాడు కావటం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ప్రొద్దుటూరుకు పక్కనే కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం వుంది, మనకు దొరికినంతలో తెలుగులో మొట్టమొదటిది. దాని ప్రాచీనతకు ఏ రాముడూ అక్కరలేదు. కాని దానివల్ల ఎవరికీ మాన్యం నిలవదు.

ఇక గండికోట. జమ్మలమడుగుకు పడమట పెన్న ఎర్రమల కొండలను కోసుకొని పారే చోట ఆ కోట వున్నది. అక్కడ పెమ్మసానివారు ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడు? మంత్రి పొదిలి లింగన్న డబ్బుకు ఆశపడి చిన తిమ్మానాయుడికి విషం పెట్టాడని చెబుతారు. మసీదు దగ్గర కత్తుల కోనేరు చూపించి, నెత్తుటి కత్తులు కడిగితే నీళ్ళన్నీ ఎర్రబడ్డాయని చెబుతారు. కోటకు పోయినవాళ్ళందరికీ ఈ రెండు కథలూ దక్కుతాయి.

1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు మీర్ జుమ్లాకు నగలు అమ్మజూపటానికి ఆ కోటకే వచ్చాడు. కొత్తగా పడిన కోట, పట్టినవాడు ఇంకా అక్కడే వున్నాడు. ఆయన రాసిన దాంట్లో విషం లేదు. కొండమీదికి ఫిరంగులు ఎక్కించటం దుస్సాధ్యమైతే, తన కొలువులోని ఐరోపా గోలందాజులకు నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానని మీర్ జుమ్లా ఆశపెట్టాడు. వాళ్ళు ఫిరంగులను పైకి చేర్చి తలుపు బద్దలు కొట్టారు; లోపలివాళ్ళు షరతులు మాట్లాడుకొని కోట ఒప్పగించారు.

మన కథల్లో కోటలు చాలామటుకు ద్రోహంతోనే పడతాయి. ఇది ఊరికే వచ్చిన అలవాటు కాదు. ద్రోహంతో పడిందంటే ఏలినవాళ్ళలో లోపం లేదు, వాళ్ళ యుద్ధతంత్రం పాతబడలేదు, రాయవేలూరు నుంచి గండికోట దాకా ఒకరికొకరు సాయంరాక ఒక్కొక్కరే చితికిపోయారన్న సంగతి అడగక్కరలేదు. లోపమంతా ఒక లింగన్నది. ఓడిన ప్రభువు పరువు దక్కింది. ఆ కథ విన్న తరాలకు మాత్రం ఒక జబ్బు మిగిలింది: ఎప్పుడు ఏ పని చెడినా కారణం వెదకటం మాని ద్రోహిని వెదకటం. మన రాజకీయాల్లో, ఆ మాటకొస్తే మన సాహిత్య సంఘాల్లో కూడా, ఈ జబ్బు లేదని ఎవరైనా అనగలరా?

ఇంతవరకు చదివి, చూశారా, కాగితం నిజం, కథ అబద్ధం అనుకోవద్దు. ఆ తావెర్నియే పుస్తకంలోనే మహిమ వున్నది! మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలను పోగుచేయించి, ఫిరంగులు పోత పోయమని మయే అనే ఫ్రెంచివానికి అప్పగించాడు. తక్కినవన్నీ కరిగాయి గాని గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదు. పూజారులు ఏదో మంత్రం వేశారని నవాబు అనుమానించి వాళ్ళను బెదిరించాడు. చివరకు మయే పోసింది ఒకే ఒక ఫిరంగి. పరీక్షకు పేలిస్తే అదీ పగిలింది. అతను పని వదిలి వెళ్ళిపోయాడు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో ఏ ఆచారిని అడిగినా చెబుతాడు, కరగని లోహం వుండదు, చాలని వేడి వుంటుందని. పోసిన ఒక్క ఫిరంగీ పగిలిందంటే ఆ పనివాని పనితనం ఎంతో తెలుస్తూనే వుంది. విగ్రహాలు కరగలేదన్న మాట తావెర్నియే చెవిన వేసింది ఆ మయేనే అయివుంటాడని నా అనుమానం. పూజారికీ ఆ మాట కావాలి: గుడి పోయినా దేవుడు ఓడిపోలేదు. మయేకూ ఆ మాట కావాలి: పని చెడింది నావల్ల కాదు, మంత్రంవల్ల. ఒకే మహిమ రెండు పక్షాల లెక్కనూ సర్దింది. ఫ్రెంచివాడు రాసినంత మాత్రాన అది చరిత్ర కాలేదు, పల్లెటూరివాడు చెప్పినంత మాత్రాన ఇది అబద్ధమూ కాదు. రెంటినీ ఒకే బోనులో నిలబెట్టాలి.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు సంగతికి వస్తాను. ప్రొద్దుటూరులో పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరం గుడి వున్నది. రావణుణ్ణి చంపిన పాపం పోవటానికి రాముడు అక్కడ లింగాన్ని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ప్రొద్దున రాముడు విడిసిన ఊరు గనక ప్రొద్దుటూరు అని కూడా అంటారు. ఈ కథలో నాకు గౌరవం కలిగించే సంగతి ఒకటి వుంది. చంపినవాడు దేవుడు, చచ్చినవాడు లోకకంటకుడు. అయినా చంపటం ఊరికే పోలేదు. గెలిచినవాడు కూడా నది ఒడ్డున కూచుని ఇసుక పోగుచేసి లెక్క చెప్పుకోవలసి వచ్చింది. హత్యకు ప్రాయశ్చిత్తం వుండాలన్న ఊహ చిన్న ఊహ కాదు.

కాని ఎందుకు వుండాలి? రావణుడు బ్రాహ్మణుడు గనక. అదే రాముడు శంబుకుణ్ణి చంపినప్పుడు ఏ నది ఒడ్డునా ఏ లింగమూ లేవలేదు. అక్కడ మహిమ వేరే విధంగా దిగింది, బ్రాహ్మణుని చచ్చిన బిడ్డ లేచి కూర్చున్నాడు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' రాసి ఈ లెక్కను బయటపెట్టినప్పుడు గగ్గోలు పుట్టిందంటే ఆశ్చర్యమేముంది.

శంబుకుని సంగతి సంస్కృత గ్రంథంలోది, అది ప్రభువుల కథ, మన జానపదంలో ఇటువంటి అన్యాయం వుండదు అని ఎవరైనా అంటారేమో. మైదుకూరు దాటితే బ్రహ్మంగారి మఠం వుంది. పోతులూరి వీరబ్రహ్మం కథకంటే ప్రజల కథ మన జిల్లాలో లేదు. గురువు కంసాలి. ముఖ్యశిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడు. మరో శిష్యుడు కక్కయ్య మాదిగ. ఈ ముగ్గురూ ఒక కథలో కలిసి కూర్చోవటమే, ఆ కాలానికి, ఏ జోస్యంకంటేనూ పెద్ద వింత. (మనవాళ్ళకు ఆ వింత చాలలేదు. 2020లో కరోనా వస్తే కోరంకి అనే జబ్బును బ్రహ్మంగారు ముందే చెప్పారని ఒక పద్యాన్ని చేతి ఫోన్లలో ఊరేగించారు. కులం పోవాలన్న కల పక్కకు పోయింది, కాలజ్ఞానం చేతిలో మిగిలింది.)

ఆ కథలో కక్కయ్య ఘట్టం ఇది. దేహంలోనే చక్రాలున్నాయి, చక్రాల్లో దేవతలున్నారు అని గురువు సిద్ధయ్యకు బోధిస్తున్నాడు. దూరాన వున్న కక్కయ్య విన్నాడు. చూడాలనుకున్నాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న పెళ్ళాం కడుపు చీల్చాడు. నెత్తురూ పేగులూ తప్ప ఏ దేవతా లేదు. గురువు అబద్ధమాడాడని కోపంతో వచ్చి నిలదీశాడు. బ్రహ్మంగారు ఆమెను బతికించి దేవతలను చూపించారు. కక్కయ్య జ్ఞాని అయి శిష్యుడయ్యాడు.

హరికథలో, బుర్రకథలో, సినిమాలో ఈ ఘట్టం ఎన్నిమార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ జనం చేతులు జోడిస్తారు. దూరంగా నిలబడి వినవలసిన మనిషికి గురువు జ్ఞానం ఇచ్చాడే, అది గొప్ప సంగతి అని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆమె? నేను విన్న కథల్లో ఆమెకు 'కక్కయ్య పెళ్ళాం' అనేదే పేరు. ఆమె నిద్రపోతున్నది, చచ్చిపోయింది, లేచింది. ఒక్క మాట మాట్లాడలేదు. సత్యం తెలుసుకోవాలని మొగుడు బయలుదేరితే కోయటానికి చేతికి అందిన దేహం ఆమెది. తన కడుపు అతను కోసుకోలేదు. మహిమ వచ్చి ఆమెను బతికించింది గనక హత్య హత్య కాకుండా పోయింది. రాముడికి తప్పని ప్రాయశ్చిత్తం కక్కయ్యకు అక్కరలేకపోయింది. ఎవరి చావుకు ఎంత ఖరీదో ఈ రెండు కథలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మైదుకూరు దగ్గర ఒక పల్లెలో ఆ కథ చెప్పటం అయినాక, అరుగుమీద కూర్చున్న ఒక ముసలమ్మ కథ చెప్పిన ఆయనను అడగటం విన్నాను: 'లేసినాక ఆ యమ్మ మల్లా ఆ మొగునితోనే ఉండెనా నాయనా?' జనం నవ్వారు. ఆయనా నవ్వి హారతి పళ్ళెం తిప్పాడు. ఆమె హేతువాది కాదు. హారతి కళ్ళకద్దుకొన్నది, పళ్ళెంలో రూపాయి వేసింది. చచ్చినవాళ్ళు లేస్తారా అని ఆమె అడగలేదు. లేచిన తర్వాత ఆమె బతుకేమిటని అడిగింది. కథను నమ్ముతూనే కథను నిలదీయవచ్చునని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇటువంటి ప్రశ్నలు కథ విన్న ప్రతి అరుగుమీదా పుట్టి, నవ్వుల్లో కొట్టుకుపోయి వుంటాయి. కైఫియత్తు రాసినవాళ్ళు వాటిని రాసుకోలేదు. మన జానపద పరిశోధకులు కూడా పాట రాసుకుంటారు, పాట విన్నవాళ్ళు ఏమన్నారో రాసుకోరు. 1956లో బిరుదురాజు రామరాజుగారి సిద్ధాంతగ్రంథం వచ్చినప్పటి నుంచి ఎన్ని వేల పాటలు సేకరించాం! వినేవాళ్ళ ప్రశ్నలు సేకరించిన గ్రంథం ఒక్కటి చూపించండి.

ఇదంతా పాతకాలపు గొడవ, దీనివల్ల ఇప్పుడు ఎవరికేం నష్టం అనేవాళ్ళు వుంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో పుట్టినవాడెవడూ ఆ మాట అనలేడు. ఇక్కడ ఐతిహ్యాలు ఇంకా పుడుతూనే వున్నాయి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట ఈ సీమంతటా వుంది. అప్పట్లో కోవెలకుంట్ల కడప జిల్లాలోదే. 1846లో ఖజానా కొట్టి తాసిల్దారును చంపాడు, అక్టోబరులో దొరికాడు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీసి, తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. పింఛను విషయంలో కోపం వచ్చిన ఒక పాళెగాని మనవడని సర్కారు కాగితం. రాజ్యం కోసం నిలబడిన వీరుడని పాట. కాగితం చెప్పిన కారణం అబద్ధం కాకపోవచ్చు. కాని పదకొండు రూపాయల చిల్లర పింఛను తగాదాకు తొమ్మిది వందలకు పైగా మంది కేసుల్లో ఇరుక్కోరు. వాళ్ళలో కట్టుబడి మాన్యాలు పోగొట్టుకున్నవాళ్ళు వున్నారు. పాట ఒక్కని పేరే చెప్పినా ఆ మంది బలంమీదనే నిలబడింది. అందుకే ఆ పాటకు పెద్ద మహిమలు అక్కరలేకపోయాయి. 2019లో సినిమా తీసినవాళ్ళకే అవి అవసరమయ్యాయి.

ఆ పాట బాణీనే నిన్నమొన్నటి ఫ్యాక్షను నాయకులకు కూడా వాడుకున్నారు. కక్షలు ముదిరిన ఆ ముప్పై నలభై ఏళ్ళలో ఒక్కొక్క ఊళ్ళో ఎన్ని కొంపలు కూలాయో, ఎంతమంది ఊరు విడిచారో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. అయినా కథలు పుట్టాయి. ఫలానాయన బాంబు పడినా చావలేదట. ఫలానాయన ఆడవాళ్ళ జోలికి పోలేదట. ఫలానాయన నరికే ముందు మంచినీళ్ళు ఇచ్చేవాడట. 'అట'లన్నీ మళ్ళీ బయలుదేరాయి. 1999 తర్వాత సినిమాలు వాటిని ఊరూరా పంచాయి. ఇక్కడ మహిమ దేవుడు కాదు, నాయకుని పెద్దమనసు. కాని చేసే పని పాతదే: చంపినవానికి ప్రాయశ్చిత్తం లేకుండా లెక్క కొట్టేయటం. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆయన కూలికి పెట్టుకున్న బోయవాళ్ళో, మాదిగవాళ్ళో, సొంత కులంలోనే సెంటు భూమి లేనివాళ్ళో. వాళ్ళ పెళ్ళాలు ఇళ్ళలో ఇంకా వున్నారు. వాళ్ళను ఎవరూ బతికించి చూపించలేదు.

నరసింహారెడ్డి పాట మంచిది, ఈ పాట చెడ్డది అని బాణీ విని చెప్పలేం. రెండింట్లోనూ అదే ఊపు, అదే మీసం, అదే గుర్రమో జీపో. వెనక వున్న మంది ఏ ఆశతో వెనక నడిచారు, తర్వాత వాళ్ళ గతి ఏమయింది అని అడిగితేనే తేడా తెలుస్తుంది. ఆ ప్రశ్న అడగటం కథకు ద్రోహం చేయటమని అనుకునేవాళ్ళు వున్నారు. పండితులు 'రసభంగం' అంటారు, పార్టీలవాళ్ళు 'వీరుణ్ణి కించపరచటం' అంటారు. అరుగుమీది ముసలమ్మను చూచి నవ్విన నవ్వే అది.

కొన్నేళ్ళ కిందట జమ్మలమడుగు వైపు ఒక తిరునాళ్ళలో, తంబుర పట్టుకొని అటువంటి పాట పాడుతున్న ఒకాయన దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మంచి గొంతు. నాయకుని జీపుమీద దాడి జరిగిన రాత్రి దగ్గరకు వచ్చేసరికి చుట్టూ వున్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. నాయకుడు ఎలా లేచాడు, ఎలా తిరగబడ్డాడు, ఎన్ని పోట్లకు ఒరిగాడు, అన్నీ చెప్పాడు. జీపు తోలినవాడు కూడా ఆ రాత్రే పోయాడని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. పాటలో జీపు తనంతట తానే నడిచింది. పాట అయిపోయినాక, డ్రైవరు సంగతి ఎందుకు లేదని ఆయనను అడిగాను. ఆయన తంబురను గుడ్డలో చుట్టుకుంటూ, ఇందులో అడగటానికేముందన్నట్లు చూచి అన్నాడు: 'వాళ్ళింటోళ్ళు పాట కట్టించుకోల్యా సార్.'

పేరు తెలుసా అని అడిగాను. తెలుసు. పేరు, ఊరు, ఇద్దరు ఆడపిల్లలున్న సంగతి, పెద్దమ్మాయి ప్రొద్దుటూరులో నేతపనికి పోతున్న సంగతి, అన్నీ తెలుసు.